కుడితి గోలెం పోయాక

(హైదరాబాద్‌లో ఒక అపార్ట్‌మెంట్ నివాసుల సంఘం ఆదివారం సమావేశంలో చేసిన ప్రసంగం. మాట్లాడింది మాట్లాడినట్టే, చిన్న చిన్న దిద్దుబాట్లతో.)

అందరికీ నమస్కారం. నన్ను పిలిచినప్పుడు మీ సెక్రటరీ గారు, "ఇంట్లో ప్రకృతికి దగ్గరగా బతకడానికి ఓ పాతిక చిట్కాలు చెప్పండి సార్" అన్నారు. పాతిక చిట్కాలు విన్నవాళ్ళు ఇంటికెళ్ళాక ఒక్కటి కూడా చెయ్యరు. ఇంకో ప్రసంగానికి వెళ్తారు, అంతే. (నవ్వులు) అందుకని ఇవాళ ఎక్కువసేపు ఒకే సంగతి మాట్లాడతాను. మిగిలినవి మధ్యలో వస్తే వస్తాయి, లేకపోతే లేదు.

పచ్చగా బతకాలి అనుకోగానే మనకు ముందు ఏదో కొనాలనిపిస్తుంది. వెదురు బ్రష్షు, రాగి బాటిల్, జనపనార సంచి. ఇప్పటికే ఇంట్లో పెళ్ళిళ్ళకు ఇచ్చిన గుడ్డసంచులు ఒక బీరువా నిండా ఉంటాయి, అయినా ఇంకోటి కొంటాం. ఇంట్లోకి తెచ్చేదాని మీద పెట్టే శ్రద్ధలో పావు వంతు కూడా ఇంట్లోంచి పోయేదాని మీద పెట్టం. పొద్దున్నే తలుపు పక్కన ఒక సంచి పెడతాం. అబ్బాయి వచ్చి తీసుకెళ్తాడు. మన పని అయిపోయింది.

ఇక్కడ యాభై దాటినవాళ్ళు చాలామందే కనిపిస్తున్నారు. మీ అమ్మమ్మగారి ఊళ్ళో వంటింటి చెత్తబుట్ట ఎక్కడుండేదో ఒక్కసారి గుర్తు చేసుకోండి... రావట్లేదు కదా? ఉంటేగా గుర్తు రావడానికి! బియ్యం కడిగిన నీళ్ళు, గంజి, కూరగాయల తొక్కలు, మిగిలిన అన్నం అన్నీ పెరట్లో కుడితి గోలెంలో పడేవి. గేదె తాగేది. పేడ, ఊడ్చిన ఆకులు, పొయ్యిలో బూడిద పెంటకుప్ప మీదికి వెళ్ళేవి. ఎండాకాలంలో దాన్ని బండికెత్తి పొలానికి తోలేవారు. చెత్త అని విడిగా ఒక వస్తువు ఉండేది కాదు.

ఆ రోజులన్నీ బంగారం అని చెప్పడానికి రాలేదు నేను. ఆ ఇంట్లోనే కట్టెల పొయ్యి ఊదీ ఊదీ అమ్మమ్మకు కళ్ళు పోయేవి, దగ్గు పట్టుకునేది. గ్యాసు రావడం మంచిదే అయింది. పాతదంతా ప్రకృతి, కొత్తదంతా విషం అనేవాళ్ళ మాట నమ్మకండి. నేను అడిగేదల్లా ఒక్కటే. గేదె పోయింది, సరే. మరి ఆ కుడితి ఇప్పుడు ఎక్కడికి పోతోంది?

మన నగరంలో అయితే స్వచ్ఛ ఆటో ఎక్కి, మధ్యలో ఇంకో పెద్ద లారీలోకి మారి, చివరికి ఊరి శివార్లలో చెత్త గుట్టలున్న జవహర్‌నగర్ చేరుతుంది. ఆ వైపు వెళ్ళినవాళ్ళకు తెలుసు ఆ వాసన ఎలా ఉంటుందో. మన చెత్తలో దాదాపు సగం తడి చెత్తే. అది గుట్టగా పడి, గాలి ఆడకుండా కుళ్ళితే మీథేన్ అనే వాయువు వస్తుంది. భూమిని వేడెక్కించడంలో మీథేన్ బొగ్గుపులుసు వాయువు (కార్బన్ డయాక్సైడ్) కంటే పాతిక రెట్లకు పైగా బలమైనది. డంపింగ్ యార్డుల్లో ఎండాకాలం మంటలు లేచేది కూడా చాలావరకు దీనివల్లే. ఇక వానాకాలం ఆ గుట్టలోంచి నల్లటి రసం ఊరుతుంది. మల్కారం చెరువు సంగతి పేపర్లో చదివే ఉంటారు, ఆ చెరువు పాడైంది ఆ రసంతోనే. చెత్తను మండించి కరెంటు తీసే ప్లాంటు కూడా అక్కడ ఉంది. కానీ తడిసిన చెత్త మండాలంటే ముందు అందులో నీరంతా ఆవిరి కావాలి. మనం సాంబారు, అట్టపెట్టె కలిపి ఒకే సంచిలో కట్టి ఇస్తే అటు కాగితం పనికిరాదు, ఇటు ఎరువూ కాదు.

2015లో మన నగరపాలక సంస్థ జీహెచ్ఎంసీ ఇంటింటికీ రెండు బుట్టలు ఇచ్చింది. పచ్చబుట్ట తడికి, నీలం బుట్ట పొడికి. మీ ఇళ్ళల్లో ఆ బుట్టలు ఇంకా ఉన్నాయా? (సభలోంచి: "ఉల్లిపాయలు పోసుకున్నాం సార్!" నవ్వులు) చూశారా. బుట్ట గట్టిదే, దానికేం, ఉల్లిపాయలకు బాగానే పనికొస్తుంది. ఇప్పుడు ఇంకో రెండు తెచ్చుకోండి.

ఇక్కడొక మాట గట్టిగా చెప్పాలి. శానిటరీ ప్యాడ్లు, పిల్లల డైపర్లు పాత పేపర్లో చుట్టి, పైన ఎర్ర పెన్నుతో ఒక గుర్తు పెట్టి విడిగా ఇవ్వండి. పగిలిన గాజు, వాడిన బ్లేడు, ఇన్సులిన్ సూది ఏదైనా గట్టి డబ్బాలో వేసి ఇవ్వండి. ఆ సంచి విప్పేది ఒక మనిషి. చేతులతో విప్పుతుంది ఆమె. చాలాసార్లు గ్లౌజులు కూడా ఉండవు. పర్యావరణం సంగతి తర్వాత, ముందు ఇది మర్యాద.

సరే, ఇక అసలు విషయం. తడి చెత్తను ఇంట్లోనే ఎరువు చెయ్యడం. బాల్కనీ చాలు, మిద్దె ఉంటే ఇంకా మేలు. ఖర్చు పెట్టి కంపోస్టర్ కొననక్కర్లేదు. ఇరవై లీటర్ల పెయింటు బకెట్లు మూడు సంపాదించండి. ఇంటికి రంగులేసినప్పుడు మిగిలినవి వాచ్‌మన్ దగ్గర ఉంటాయి. ఇనప చువ్వ కాల్చి పెన్సిలు పట్టేంత రంధ్రాలు చుట్టూ పెట్టండి, అడుగున నాలుగైదు. కింద ఒక పళ్ళెం. అడుగున బెత్తెడు మందాన ఎండుటాకులు పరవండి. ఆ పైన రోజూ వంటింటి తొక్కలు వెయ్యండి. అరటిపండు తొక్కా, సొరకాయ చెక్కూ అలాగే పడేస్తే కుళ్ళడానికి ఆలస్యమవుతుంది, కాస్త తరిగి వెయ్యండి. వేసిన ప్రతిసారీ పైన రెండు గుప్పిళ్ళ ఎండుటాకులో కొబ్బరి పొట్టో చల్లి మూత పెట్టండి. మొదట్లో ఒక గుప్పెడు పాత ఎరువు కలిపితే పని తొందరగా మొదలవుతుంది. అది లేకపోతే పుల్లటి మజ్జిగ ఒక గ్లాసుడు చల్లినా సరిపోతుంది. రెండు మూడు రోజులకోసారి కర్రతో కింద నుంచి పైకి కలపండి.

నలుగురున్న ఇంట్లో ఒక బకెట్ నిండడానికి మూడు నాలుగు వారాలు పడుతుంది. రోజూ వేస్తున్నా అది కిందికి కుంగుతూనే ఉంటుంది, చూస్తే మీకే ఆశ్చర్యం వేస్తుంది. నిండినదాన్ని పక్కన పెట్టి రెండోది మొదలుపెట్టండి. తర్వాత మూడోది. మూడోది నిండేసరికి మొదటిది తయారు. మన ఎండలకు నెలన్నర, రెండు నెలల్లో అయిపోతుంది. చలికాలం ఇంకో రెండు వారాలు వేసుకోండి. అయిందని ఎలా తెలుస్తుందంటే, వేసిందేదీ గుర్తుపట్టలేం. నల్లగా, పొడిపొడిగా, తొలకరి పడ్డ మట్టి వాసనతో ఉంటుంది. మామిడి టెంక ఒక్కటి మాత్రం అలాగే నవ్వుతూ కనిపిస్తుంది. దాన్ని ఏరి మళ్ళీ కొత్త బకెట్లో వేసుకోవడమే.

(సభలోంచి ఒకావిడ: "వాసన రాదా అండీ? మా పక్కింటివాళ్ళు గొడవ పెట్టుకుంటారు.")

వస్తుందమ్మా, తప్పు చేస్తే వస్తుంది. ఇది అందరి భయం. తడి ఎక్కువై గాలి తగ్గితే కుళ్ళు వాసన వస్తుంది. మందు ఒక్కటే, ఎండుటాకులు ఇంకా వేసి కలపడం. గుప్పెడు తీసి గట్టిగా పిండి చూడండి. నీటి చుక్క కారిందంటే తడి ఎక్కువ. చెయ్యి తడిసి ఊరుకుంటే సరిగ్గా ఉంది. చీమలు పట్టాయంటే బాగా ఎండిపోయింది, కాసిని నీళ్ళు చల్లండి. నూనె కూరలు, చేప ముళ్ళు, మాంసం ఎముకలు, పాలు, పెరుగు గిన్నె కడిగినవి మొదటి ఏడాది వెయ్యకండి. నేను మజ్జిగ అన్నది మొదట్లో ఒక గ్లాసు మాత్రమే, రోజూ కాదు. కోడిగుడ్డు పెంకులు నలిపి వెయ్యొచ్చు. కాఫీ పొడి, టీ ఆకు వెయ్యొచ్చు, టీ బ్యాగు మాత్రం చింపి ఆకే వెయ్యండి, ఆ సంచిలో చాలావాటికి ప్లాస్టిక్ ఉంటుంది.

ఇంకోటి, పురుగులు. వానాకాలం మూత తీయగానే లావుపాటి పురుగులు గిజగిజలాడుతూ కనిపిస్తాయి. చాలామంది ఆ రోజే బకెట్ ఎత్తి కింద పారబోస్తారు. అవి బ్లాక్ సోల్జర్ ఫ్లై అనే ఒక నల్ల ఈగ పిల్లలు. మన ఇంటి ఈగ కాదు. పెద్దదయ్యాక ఆ ఈగ మన అన్నం మీద వాలదు, దానికి తిండి మీద ధ్యాసే ఉండదు. ఆ పురుగులు మీరు వేసినదాన్ని మీకంటే తొందరగా ఎరువు చేసేస్తాయి. చూడ్డానికి బాగోవు, నిజమే. ఎండుటాకులు కప్పేసి మూత పెట్టేయండి.

ఇదంతా ఒక ఇల్లు చేస్తే ఏమవుతుంది అనకండి. కేరళలో అలప్పుళ ఊరి చెత్తంతా సర్వోదయపురం అనే చోటికి తోలేవారు. 2012లో అక్కడి జనం ఇక మా ఊరికి లారీలు రావద్దని అడ్డం పడుకున్నంత పని చేశారు. మున్సిపాలిటీకి వేరే దారి లేక ఇంటింటికీ పైపులో ఎరువు చేసుకునే పైపు కంపోస్టు, బయోగ్యాసు, వీధుల్లో తొట్లు పెట్టింది. వీధుల్లో కుప్పలు తగ్గాయి. అంతకు పదేళ్ళ ముందే మన సూర్యాపేట కూడా తడి, పొడి వేరు చేసి చెత్తకుండీలు లేని ఊరుగా పేరు తెచ్చుకుంది. కేంద్రం 2016లో తెచ్చిన నిబంధనల్లో కూడా 5,000 చదరపు మీటర్లు దాటిన గేటెడ్ కమ్యూనిటీలు తమ తడి చెత్తను వీలైనంతవరకు తమ ఆవరణలోనే చూసుకోవాలని చెప్పారు. మీ స్థలం ఎంతో సెక్రటరీ గారికి తెలుసు, నేను లెక్క అడగను. (నవ్వులు)

ఎరువు వచ్చాక ఏం చేస్తాం? మిద్దెతోట. మన రెండు రాష్ట్రాల్లో ఇప్పుడు ఇది బాగా పాకింది. టమాటా, క్యాప్సికం తర్వాత చూద్దురుగానీ, మొదట ఆకుకూరలు వెయ్యండి. ఎర్రమట్టి, మీ ఎరువు, కొబ్బరి పొట్టు కలిపి, గుప్పెడు వేపపిండి వేసి, పగిలిన టబ్బులో తోటకూర చల్లండి. నెల తిరక్కుండా కోతకొస్తుంది. పాలకూర, మెంతికూర, గోంగూర అలాగే. బచ్చలి తీగ ఒకటి పెడితే కొనుక్కునే పనే ఉండదు. కరివేపాకు మొక్క మాత్రం మొదటి ఏడాది సతాయిస్తుంది, ఓపిక పట్టండి. మార్చి దాటాక పైన పచ్చ షేడ్ నెట్ కట్టకపోతే హైదరాబాద్ ఎండకు అన్నీ మాడిపోతాయి.

మొక్కలకు పేనుబంక పురుగు పట్టిందనుకోండి, లీటరు నీళ్ళకు అయిదు మిల్లీలీటర్ల వేపనూనె. నూనె నీళ్ళలో కలవదు కదా, పైన తేలుతుంది. అందులో కాస్త కుంకుడు రసం పోసి గిలక్కొట్టండి, తెల్లగా పాలలా కలిసిపోతుంది. సాయంత్రం పూట ఆకు అడుగు భాగం తడిసేట్టు కొట్టండి. ఎండలో కొడితే ఆకు కాలుతుంది.

కుంకుడుకాయ అన్నాను కాబట్టి అది కూడా చెప్పేస్తాను. కుంకుడుకాయ పెచ్చులో సాపొనిన్ అనే పదార్థం ఉంటుంది. నురగ వచ్చేది, మురికిని లాగేది అదే. తలంటుకి వాడడం మనకు కొత్త కాదు. రసం కంట్లో పడితే నోట్లో ఉప్పుకల్లు వేసేవారు గుర్తుందా? అది ఎలా పనిచేసేదో నన్నడగకండి, ఏడుపు మాత్రం ఆగేది. (నవ్వులు) పట్టుచీరలు, నగలు ఇప్పటికీ చాలా ఇళ్ళల్లో దీంతోనే కడుగుతారు. పది పన్నెండు కాయలు కొట్టి, గింజలు తీసేసి, రాత్రి వేడినీళ్ళలో నానబెట్టి, పొద్దున పిసికి వడకట్టండి. నేల తుడవడానికి, సింకు కడగడానికి పనికొస్తుంది. రెండు మూడు రోజులకు పులిసిపోతుంది కాబట్టి ఫ్రిజ్‌లో పెట్టండి, లేదా అప్పటికప్పుడు చేసుకోండి. ఇత్తడి, రాగి సామాన్లకు చింతపండు, ఉప్పు. పులుపుకి ఆ నల్లటి పొర కరిగిపోతుంది. పులుసుకి వాడేసిన పిప్పి కూడా చాలు.

వీడియోల్లో చూసి చాలామంది వంటసోడా, వెనిగర్ రెండూ కలిపి ఒక బాటిల్లో పోసి పెట్టుకుంటున్నారు. బుస్సున పొంగుతుంది, చూడ్డానికి భలే ఉంటుంది. ఒకటి క్షారం, ఇంకోటి ఆమ్లం. కలిస్తే ఒకదాన్నొకటి చంపుకుంటాయి. పొంగు తగ్గాక మిగిలేది చాలావరకు ఉప్పునీళ్ళ లాంటి ద్రావణం. జిడ్డుకి సోడా విడిగా వాడండి, కుళాయి మీద తెల్ల మరకలకి వెనిగరో నిమ్మచెక్కో విడిగా వాడండి. మార్బుల్ గచ్చు మీద మాత్రం పులుపు పడనివ్వకండి, మెరుపు పోతుంది. ఇంకా, బాత్‌రూమ్ కడిగే యాసిడ్, బ్లీచింగ్ పౌడర్ ఎప్పుడూ కలపకండి. క్లోరిన్ గ్యాసు వస్తుంది, ప్రాణం మీదికొస్తుంది.

మగవాళ్ళు ఫోన్లు పక్కన పెట్టి కాస్త ఇటు వినండి. నేను ఇందాకటి నుంచి చెప్పిన పనులన్నీ ఎవరి నెత్తిన పడతాయి? కుంకుళ్ళు కొట్టేది ఎవరు, తొక్కలు తరిగేది ఎవరు, బకెట్ కలిపేది ఎవరు? "మా ఇంట్లో అన్నీ ఆర్గానిక్ అండీ" అని ఆయన ఆఫీసులో చెప్పుకుంటాడు, నడుం విరిగేది ఆవిడకి. అలా అయితే ఆ ఇంట్లో ఇది మూడు నెలలు కూడా సాగదు. సాగకపోవడమే న్యాయం కూడా. అందుకని కంపోస్టు బకెట్ బాధ్యత మగవాళ్ళు తీసుకోండి. పిల్లలకు ఎండుటాకులు ఏరే పని ఇవ్వండి. (చప్పట్లు) చప్పట్లన్నీ ఒకవైపు నుంచే వస్తున్నాయి.

కరెంటు గురించి రెండు మాటలు. మామూలు సీలింగ్ ఫ్యాను సుమారు 75 వాట్లు తాగుతుంది. తక్కువ కరెంటుతో నడిచే మోటారున్న బీఎల్‌డీసీ ఫ్యాను 30 వాట్ల దగ్గర తిరుగుతుంది. రోజుకు 12 గంటలు తిరిగితే ఒక్కో ఫ్యానుకి నెలకు 16 యూనిట్లు మిగులుతాయి. మూడు ఫ్యాన్లంటే దగ్గరదగ్గర 50 యూనిట్లు, బిల్లులో రేటు స్లాబు మారిపోవచ్చు. బాగా పనిచేస్తున్న ఫ్యాన్లు పీకేసి కొత్తవి కొనమని నా ఉద్దేశం కాదు, పాడైనప్పుడు మార్చండి. ఏసీ ఒక్క డిగ్రీ పెంచితే ఆరు శాతం దాకా కరెంటు ఆదా అవుతుందని ఇంధన పొదుపు సంస్థ బీఈఈ లెక్క. 18లో పెట్టుకుని దుప్పటి కప్పుకునే బదులు 26లో పెట్టి ఫ్యాను వేసుకోండి.

పై అంతస్తువాళ్ళకు అసలు బాధ పైకప్పు స్లాబ్ నుంచి. పగలంతా ఎండ తాగి, రాత్రంతా ఆ వేడి గదిలోకి వదులుతుంది. ఏప్రిల్ రాకముందే మిద్దె మీద తెల్ల సున్నం రెండు పూతలు, కాస్త జిగురు కలిపి వేయించండి, ఖర్చు తక్కువ. తెలంగాణ ప్రభుత్వం 2023లో కూల్ రూఫ్ విధానం తెచ్చింది కూడా ఈ ఉద్దేశంతోనే. కుండ నీళ్ళ సంగతీ అంతే, ఇక్కడా రాయలసీమలోనూ పొడి ఎండ కాబట్టి కుండ చెమర్చి నీళ్ళు చల్లబడతాయి. విశాఖలో ఉన్న మా బంధువులు "మా కుండ చల్లబడదేంటి" అంటారు. గాలిలోనే అంత తేమ ఉంటే ఆవిరి ఎక్కడికి పోతుంది? కూలర్‌కీ అక్కడ అదే గతి.

నీళ్ళ విషయం కూడా ఇంట్లోంచి పోయేదే. నీళ్ళు శుద్ధి చేసే మామూలు ఆర్‌ఓ మెషీన్ ఒక లీటరు మంచినీళ్ళివ్వడానికి రెండు మూడు లీటర్లు సింకులోకి వదులుతుంది. మన నల్లాల్లో వచ్చేవి మంజీరా, కృష్ణా, గోదావరి నీళ్ళు. కృష్ణ నీళ్ళు నాగార్జునసాగర్ నుంచి వంద కిలోమీటర్లకు పైగా పంపులతో ఎత్తిపోస్తే ఇక్కడికొస్తున్నాయి. అంత దూరం నుంచి తెచ్చి సగానికి పైగా మోరీలోకి! నీళ్ళలో కరిగిన లవణాలు ఎంతున్నాయో చూపించే టీడీఎస్ మీటర్ ఒకటి కొని నల్లా నీళ్ళు చూసుకోండి, కొన్ని వందల రూపాయల్లో వస్తుంది, అపార్ట్‌మెంట్ మొత్తానికి ఒకటి చాలు. మీటర్ 500 లోపు చూపిస్తే ఆర్‌ఓ అవసరం లేదు. జాతీయ హరిత ట్రిబ్యునల్ 2019లో చెప్పింది కూడా అదే. క్రిములకు యూవీ ఫిల్టరో, కాచుకోవడమో సరిపోతుంది. బోరు నీళ్ళు తాగేవాళ్ళు మాత్రం నా మాట విని మెషీన్ తీసేయకండి. నల్గొండలో, ప్రకాశంలో ఫ్లోరైడ్ జనాన్ని ఎంత ఏడిపించిందో మీకు తెలుసు, కాచితే ఫ్లోరైడ్ పోదు. ముందు పరీక్ష చేయించండి. ఆర్‌ఓ వదిలే నీళ్ళు బకెట్‌కి పట్టి గచ్చు తుడవండి, బాత్‌రూమ్‌లో పొయ్యండి. ఉప్పు ఎక్కువ ఉంటుంది కాబట్టి కుండీల్లో రోజూ పొయ్యొద్దు.

చివరగా ఇందాక వస్తూ మీ గేటు దగ్గర చూసిన సంగతి. బాదం చెట్టు కింద ఊడ్చిన ఆకులు కుప్ప పోసి ఎవరో అగ్గిపెట్టారు, ఇంకా పొగ వస్తోంది. చెత్త తగలబెట్టకూడదని ఇందాక చెప్పిన 2016 నిబంధనల్లోనే చెప్పారు. అదలా ఉంచండి, ఆ పొగ నేరుగా మొదటి అంతస్తు కిటికీల్లోకి వెళ్తోంది. పైగా మీ కంపోస్టు బకెట్లకు కావలసిన సరుకే అది, కాల్చేస్తే రేపు కొబ్బరి పొట్టు డబ్బులు పెట్టి కొనాలి. వాచ్‌మన్‌కి నాలుగు గోనెసంచులు ఇవ్వండి. ఆకులు వాటిలో కుక్కి మెట్ల కింద పెట్టమనండి, వాన తగలకూడదు. ఎవరికి కావాలంటే వాళ్ళు తీసుకెళ్తారు. సెక్రటరీ గారు పెయింటు బకెట్లు పదో పన్నెండో ఉన్నాయన్నారు, చువ్వ నేను తెచ్చాను. టీ తాగాక కిందికి రండి, రంధ్రాలు ఎలా పెట్టాలో చూపిస్తాను.